కంట్రోల్ గ్రూపు లేదని థీసిస్ పక్కన పెట్టాలా?

కర్నూలులో కమ్యూనిటీ మెడిసిన్ రెండో ఏడాది పీజీ చదువుతున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, కాలేజీ పేరు బయటపెట్టవద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు ఇవి.

టీకా వేశాక పసిపిల్లలకు జ్వరంతో ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుందా, పెరిగితే ఎంత? ఇదీ ఆమె థీసిస్. గత రెండేళ్ళలో పిల్లల వార్డులో జ్వరం, ఫిట్స్‌తో చేరినవాళ్ళలో 9 నుంచి 24 నెలల మధ్య వయసు పిల్లల కేస్ షీట్లు 71 దొరికాయి. ఇళ్ళకు ఫోన్లు చేసి, తల్లీబిడ్డల రక్షణ కార్డుల ఫొటోలు తెప్పించుకుని, ఏఎన్ఎంల రిజిస్టర్లు తిరగేసి 58 మంది టీకా తేదీలు సంపాదించారు. ఏ బిడ్డకు ఆ బిడ్డనే కంట్రోల్‌గా, అంటే పోలికకు, తీసుకునే సెల్ఫ్ కంట్రోల్డ్ కేస్ సిరీస్ పద్ధతిలో లెక్క వేద్దామని గైడ్ దగ్గరికి వెళ్ళారు. ఆయన కాగితాలు చూసి, "ఫిట్స్ రాని పిల్లలు ఒక్కరూ లేరు. దేంతో పోలుస్తావు? అయినా 58 మందితో ఏం తేలుతుంది?" అన్నారట. ఫిట్స్ రాని పిల్లలు 116 మందిని వెతికి, వచ్చినవాళ్ళతో పోల్చే కేస్ కంట్రోల్ స్టడీ చేయమన్నారు. లేదంటే టాపిక్ మార్చేసి, నిద్రమాత్రలు వాడే ముసలివాళ్ళలో తుంటి ఎముక విరగడం మీద చేయమన్నారు. థీసిస్ ఇవ్వడానికి పది నెలలే ఉంది.

అంతకన్నా పెద్ద బాధ ఇంట్లో ఉంది. ఆమె అన్న కొడుక్కి ఏడాది కిందట, 17వ నెలలో, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, ఎమ్మార్ (తట్టు అనే మీజిల్స్, రుబెల్లా టీకా) రెండో డోసు ఒకే రోజు వేశారు. దగ్గరుండి వేయించింది ఈమే. ఆ రాత్రే జ్వరం, ఫిట్స్. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు, ఇప్పుడు బాగున్నాడు. ఈ మధ్య వదినకు పాప పుట్టింది. రెండు నెలలు దాటినా ఆరు వారాల సూది వేయించలేదు. "నువ్వు ఏం గాదంటివి. ఇంగ నా ముందర సూది మాటెత్తొద్దు" అంటోందట వదిన. అన్న సరిగా మాట్లాడటం లేదు. ఈ సంగతి తెలిసి గైడ్, "నీకు ముందే ఒక అభిప్రాయం ఉంది, ఈ స్టడీ నువ్వు చేయకూడదు" అన్నారు. పైగా మేనల్లుడు చేరింది ఆ వార్డులోనే, ఆ 58 మందిలో వాడూ ఒకడు. వాణ్ణి ఉంచాలా, తీసేయాలా? థీసిస్ కొనసాగించాలా, మార్చాలా? వదినకు ఏం చెప్పాలి? ఇవీ ఆమె అడిగినవి.

సమాధానం:

డాక్టరమ్మా, కంట్రోల్స్ లేరన్న మాట సరికాదు. 58 మంది చాలరన్న మాట మాత్రం సరైనదే, మీరు అనుకుంటున్నదానికన్నా గట్టిది కూడా. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మీకు దారి కనపడటం లేదు. ముందు వాటిని విడదీద్దాం.

ఈ పద్ధతిలో పోలిక పిల్లకూ పిల్లకూ మధ్య కాదు, ఒకే బిడ్డ జీవితంలోని రెండు రకాల రోజుల మధ్య. టీకా వేసిన వెంటనే ఉండే కొద్ది రోజుల్లో ఫిట్స్ ఎంత తరచుగా వచ్చాయి, మిగతా రోజుల్లో ఎంత తరచుగా వచ్చాయి అన్నదే లెక్క. తల్లి చదువు, ఇంటి ఆదాయం, వంశంలో ఫిట్స్ ఉండటం, నెలలు నిండకుండా పుట్టడం వంటివి ఆ బిడ్డకు రెండు రకాల రోజుల్లోనూ ఒకటే కాబట్టి వాటంతట అవే కొట్టుకుపోతాయి. మీరు వాటిని కొలవనక్కరలేదు, అడగనూ అక్కరలేదు. కేస్ కంట్రోల్ స్టడీలో పీజీలు ప్రాణం పెట్టి నింపే పేజీల్లో సగం ఇక్కడ అవసరమే ఉండదు.

ఒక బిడ్డను ఊహించి చూద్దాం. పుట్టింది 2023 జనవరి 10. ఎమ్మార్ మొదటి డోసు అక్టోబరు 18న వేశారు, అప్పటికి వయసు 281 రోజులు. డీపీటీ బూస్టర్, ఎమ్మార్ రెండో డోసు 2024 జూన్ 5న, 512వ రోజున. ఫిట్స్ జూన్ 12న, 519వ రోజున. మీరు చూస్తున్న కాలం 274వ రోజు నుంచి 730వ రోజు దాకా, అంటే 457 రోజులు. ఎమ్మార్‌లో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. అది ఒంట్లో పెరిగి జ్వరం తెప్పించడానికి వారం దాకా పడుతుంది. అందుకే దాని రిస్క్ రోజులు టీకా తర్వాత 6 నుంచి 11. ఈ బిడ్డకు అవి 287 నుంచి 292 దాకా, మళ్ళీ 518 నుంచి 523 దాకా. డీపీటీ జ్వరం అలా ఆగదు, ఆ రోజో మర్నాడో వస్తుంది. దాని రిస్క్ రోజులు 0 నుంచి 3, అంటే 512 నుంచి 515. ఫిట్స్ 519న వచ్చాయి కనుక అవి ఎమ్మార్ ఖాతాలో పడతాయి, డీపీటీ ఖాతాలో పడవు. రెండు సూదులూ ఒకే పూట వేసినా వేటి లెక్క వాటిదే. మీ మేనల్లుడికి సూది వేసిన రాత్రే వచ్చాయి, కాబట్టి వాడు డీపీటీ వైపు.

ఈ పద్ధతిని పాడీ ఫారింగ్టన్ అనే సంఖ్యాశాస్త్రవేత్త 1995లో సరిగ్గా మీ ప్రశ్న కోసమే నిలబెట్టారు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి అడ్మిషన్లను టీకా రికార్డులతో కలిపి చూస్తే, ఎమ్మెమ్మార్ (ఎమ్మార్‌కు గవదబిళ్ళల టీకా కలిపినది) తర్వాత 6 నుంచి 11 రోజుల మధ్య వచ్చిన ఫిట్స్ అడ్మిషన్లలో 67 శాతం టీకాలోని మీజిల్స్ భాగం వల్లేనని తేలింది. అంటే ఆ రోజుల్లో రేటు మూడింతలు. డోసుల లెక్కలో చెబితే 3,000 డోసులకు ఒక అడ్మిషన్. డీపీటీకి 0 నుంచి 3 రోజుల్లో, అదీ మూడో డోసుకే కనిపించింది, 12,500 డోసులకు ఒకటి. అదే పరిశోధనలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, మీ వదిన దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

గైడ్ గారికి ఇంగ్లండ్ మాట దూరమనిపిస్తే మన రాష్ట్రం మాటే చెప్పండి. రోటా వైరస్ విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ చుక్కలు 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పేగు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే జబ్బు ఆ చుక్కల వల్ల పెరుగుతుందా అన్న ప్రశ్న అప్పుడు ఉండేది. అమెరికాలో 1998లో వచ్చిన ఒక రోటా టీకా ఆ కారణంతోనే మరుసటి ఏడాదే ఆగిపోయింది. మన దేశంలో దాన్ని తేల్చిన స్టడీ సెల్ఫ్ కంట్రోల్డ్ కేస్ సిరీసే. టీకా వివరాలు ఖాయంగా దొరికిన 589 మంది పిల్లలు, అందరూ ఆ జబ్బు వచ్చినవాళ్ళే, రాని పిల్ల ఒక్కరూ లేరు. ఏ డోసు తర్వాతా 21 రోజుల్లో ప్రమాదం పెరిగినట్టు కనపడలేదు. అది 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది.

ఇక సంఖ్య. మీ 58 మందికీ రెండు ఎమ్మార్ డోసులూ పడ్డాయనుకుంటే రిస్క్ రోజులు 58 పన్నెండ్లు 696. మిగతావి 25,810. ఉదాహరణకు రిస్క్ రోజుల్లో 3 ఫిట్స్, మిగతా రోజుల్లో 55 వచ్చాయనుకోండి. 3ను 696తో, 55ను 25,810తో భాగించి పోల్చితే నిష్పత్తి 2 వస్తుంది. రెండింతలు! కానీ దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు విలువ ఉండగల హద్దులు, 0.6 నుంచి 6.5 దాకా ఉంటుంది. టీకా ఫిట్స్‌ను తగ్గిస్తుందన్నా, ఆరింతలు చేస్తుందన్నా ఈ లెక్క కాదనలేదు. నిజంగా మూడింతల ప్రమాదం ఉంటే దాన్ని 80 శాతం పవర్‌తో, అంటే పదిలో ఎనిమిదిసార్లు దొరికేలా, పట్టుకోవడానికి సుమారు 140 మంది కావాలి. 58 మందితో మీరు పట్టగలిగేది నాలుగున్నర రెట్లో, అంతకన్నా ఎక్కువో ఉంటేనే. ఇంకో చిక్కు ఏమిటంటే, మొదటి డోసుతోనే చాలామందికి రక్షణ వచ్చేస్తుంది కాబట్టి రెండో డోసుకు జ్వరాలు తక్కువ. రెండు డోసుల్నీ కలిపితే మొదటి డోసు ప్రభావం పలచబడుతుంది. మొదటి డోసునే విడిగా చూస్తే, అదే 457 రోజుల కాలానికి దాదాపు 270 మంది కావాలి. డీపీటీకి రిస్క్ రోజులు నాలుగే కాబట్టి అక్కడ ఇంకా కష్టం. ఈ లెక్కలన్నీ వయసు ప్రభావం కలపకముందువి, కలిపితే ఇంకొంచెం పెరుగుతాయి.

అయితే కేస్ కంట్రోల్‌కు మారితే ఈ ఇబ్బంది తీరుతుందా? తీరదు. మామూలు బిడ్డ ఏదో ఒక రోజున ఆ పన్నెండు రిస్క్ రోజుల్లో ఉండే అవకాశం 457లో 12. అంటే 116 మంది కంట్రోల్స్‌ను వెతికి, కార్డులు సంపాదించి చూస్తే, అందులో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళు ముగ్గురో నలుగురో తేలతారు. దాంతో ఏ నిష్పత్తీ నిలబడదు. ఆపైన కంట్రోల్స్‌ను ఎక్కడినుంచి తేవాలన్నది ఇంకో సమస్య. విరేచనాలతో వార్డులో చేరిన పిల్లల్ని తీసుకుంటే, ఒంట్లో బాగోలేని బిడ్డకు ఏఎన్ఎం ఆ వారం టీకా వాయిదా వేస్తుంది కాబట్టి వాళ్ళలో కొత్తగా టీకా పడ్డవాళ్ళు మామూలుకన్నా తక్కువ కనిపిస్తారు. అప్పుడు ఏ పాపం లేని టీకా కూడా దోషిగా తేలుతుంది. ఇది గైడ్ గారితో వాదన పెట్టుకోవడానికి చెప్పడం లేదు. ఆయన చెప్పిన దారిలో పది నెలలూ ఖర్చయి, చివరికి ఇదే సంఖ్య దగ్గర ఆగిపోతారని మీకు ముందే తెలియాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పద్ధతికి ప్రాణం తేదీలు. కంట్రోల్స్ అవసరం లేనందుకు అది అడిగే మూల్యం అదే. ఆరు రోజుల రిస్క్ కాలంలో రెండు రోజుల పొరపాటు జరిగితే ఒక బిడ్డ ఇటునుంచి అటు మారిపోతుంది, పై ఉదాహరణలో అటు ఉన్నదే ముగ్గురు. అందుకని మీ 58 మందినీ మళ్ళీ మొదటినుంచి చూడండి.

కేస్ షీట్ మీద ఉండేది చేరిన తేదీ. మీకు కావలసింది ఫిట్స్ మొదలైన తేదీ. ఆలూరు, కోసిగి వైపు నుంచి వచ్చే బిడ్డ ముందు పీహెచ్‌సీకి, అక్కడినుంచి ఆదోనికి, ఆ తర్వాత కర్నూలుకు చేరేసరికి ఒక రోజు గడిచిపోయి ఉండవచ్చు. కాబట్టి రిఫరల్ చీటీ, మొదట రాసుకున్న హిస్టరీ చదివి తేదీ తీయండి. అది లేకపోతే ఊహించి రాయవద్దు. చాలా షీట్లలో వయసు "ఒకటిన్నర ఏడాది" అని ఉంటుంది, దాంతో పని జరగదు. పుట్టిన తేదీ కార్డు నుంచి రావాలి. ఒకే ఫిట్స్‌కు రెండుసార్లు చేరి రెండు షీట్లు తయారైన పిల్లలుంటారు. జ్వరం ఫిట్స్ వచ్చిన పిల్లల్లో మూడో వంతు మందికి మళ్ళీ వస్తాయి. ఒకసారి రావడం రెండోసారి రావడాన్ని పెంచుతుంది కాబట్టి, ప్రతి బిడ్డకూ మొదటి ఫిట్స్ ఒక్కటే లెక్కలోకి తీసుకోండి.

టీకా తేదీలకు ఒక చిన్న పరీక్ష ఉంది. మన దగ్గర ఊళ్ళలో టీకాల రోజు బుధవారం, శనివారం. మీ ఎక్సెల్ షీట్‌లో టీకా తేదీ పక్కన వారం పేరు వచ్చేలా ఒక గడి పెట్టండి. ఆదివారమనో సోమవారమనో వస్తే అది ప్రైవేటులో వేయించిందో, ప్రత్యేక కార్యక్రమంలో వేసిందో, తప్పు రాసిందో విచారించాలి. కార్డులో ఒక తేదీ, రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉంటే ఏది నమ్మాలో ముందే నియమం రాసి పెట్టుకోండి, ఫిట్స్ తేదీ చూశాక నిర్ణయించవద్దు. తల్లి నోటి మాటగా చెప్పిన తేదీని ఈ లెక్కలోకి తేవద్దు. ఫిట్స్ వచ్చిన బిడ్డ తల్లికి టీకా ఆ ముందు రోజే వేసినట్టు గుర్తుంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు, భయపడిన మనసుకు అవి రెండూ దగ్గరికి జరుగుతాయి.

ఫిట్స్ తేదీలు తీసేవాళ్ళు, టీకా తేదీలు తీసేవాళ్ళు వేరు వేరుగా ఉండాలి. ఇంకో పీజీని అడగండి. ఆమె మీ టీకా కాగితాలు చూడకుండా షీట్లు చదివి జ్వరం ఫిట్స్ అవునా కాదా, ఏ రోజు మొదలయ్యాయి అన్నది రాయాలి. మెదడువాపు, మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల్ని ఆమే పక్కకు తీయాలి. "ముందే అభిప్రాయం ఉంది" అన్న అభ్యంతరానికి జవాబు ఇదే. అభిప్రాయం లేని పరిశోధకులను వెతికే పని ఎవరికీ సాధ్యం కాదు. అభిప్రాయం తేదీల్లోకి దూరకుండా కట్టడి చేయవచ్చు.

వయసు గురించి జాగ్రత్త. జ్వరం ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్ళ మధ్య వస్తాయి. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య ఎక్కువ. మన బూస్టర్ వేసేది 16 నుంచి 24 నెలల మధ్య. టీకా లేకపోయినా ఆ వయసులో ఫిట్స్ ఎక్కువే. అందుకని 457 రోజుల్ని మూడేసి నెలల ముక్కలు చేసి వయసును లెక్కలో పెట్టాలి. అందరికీ మొదటి డోసు 9 నెలలు నిండగానే పడితే వయసు ప్రభావం ఏదో, టీకా ప్రభావం ఏదో విడదీయడం కష్టమవుతుంది. ఆలస్యంగా వేయించుకున్నవాళ్ళు, అసలు వేయించుకోనివాళ్ళు ఇక్కడ పనికొస్తారు. టీకా పడని బిడ్డను కూడా ఉంచండి, వయసు రేటు చెప్పడానికి ఆ బిడ్డ సాక్ష్యం కావాలి.

ఆలస్యంగా వేయించుకునేవాళ్ళు మీ జిల్లాలో ఎవరో మీకు చెప్పనక్కరలేదు. పడమటి మండలాల నుంచి మిరప కోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు వలస పోయే ఇళ్ళ పిల్లలు. వాళ్ళు లెక్కకు బలమే, కానీ ఒక ప్రమాదం ఉంది. వలసలో ఉన్న మూడు నెలల్లో ఫిట్స్ వస్తే ఆ బిడ్డ గుంటూరులో చేరుతుంది, మీ వార్డుకు రాదు. అంటే ఆ మూడు నెలలూ మీరు ఆ బిడ్డను చూస్తున్నట్టు కాదు. వాటిని "ఫిట్స్ రాని రోజులు"గా కలిపేస్తే మిగతా రోజుల రేటు తగ్గిపోయి టీకా ప్రమాదం పెరిగినట్టు తప్పుగా కనిపిస్తుంది. ఫోన్ చేసినప్పుడు "ఆ ఏడాది మీరు ఊళ్ళో లేని నెలలు ఏవి?" అన్న ప్రశ్న ఒకటి కలపండి, ఆ కాలాన్ని తీసేయండి. గుంతకల్లు, రాయదుర్గం, ఆదోని వాళ్ళు బళ్ళారికి పోవడం కూడా ఇలాంటిదే.

ఇంకొకటి మీ ఇంట్లోనే జరుగుతోంది. ఫిట్స్ వచ్చాక తల్లిదండ్రులు తర్వాతి టీకా వాయిదా వేస్తారు. ఫిట్స్ టీకాను ప్రభావితం చేయకూడదన్నది ఈ పద్ధతికి మూల షరతు. అది తప్పితే టీకాకు ముందు రోజుల్లో ఫిట్స్ ఉండవు, ఉండాల్సినవి మాయమవుతాయి. సాధారణంగా చేసేది టీకాకు ముందరి 14 రోజుల్ని విడిగా తీసి ఆ ముక్కకు వేరే రేటు ఇవ్వడం. పైన చెప్పిన బిడ్డకు అవి 498 నుంచి 511 దాకా. అయితే మీ వదినలాంటి వాయిదా రెండు వారాలతో అయిపోదు. అలాంటివాళ్ళు ఎక్కువగా ఉంటే టీకా పడిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టి, ఆ తర్వాతి కాలాన్నే పోల్చడం మేలు. రెండు విధాలా చేసి రెండు జవాబులూ చూపించండి. అవి దగ్గరగా ఉంటే ఎగ్జామినర్ ఇంకేమీ అడగరు.

అందరి మనసులో ఉండే పొరపాటు ఒకటి చెప్పి ముందుకు వెళతాను. టీకా అనంతర సమస్యలుగా ఏఎన్ఎంలు పంపిన రిపోర్టులను కేసులుగా తీసుకోవద్దు. అవి టీకా దగ్గర్లో వచ్చాయనే రిపోర్టయ్యాయి. టీకా ప్రసక్తి లేకుండా వార్డులో చేరిన ప్రతి ఒక్క జ్వరం ఫిట్స్ మీ జాబితాలో ఉండాలి.

లెక్క చేయడం పెద్ద పని కాదు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌సీసీఎస్ అనే ప్యాకేజీ ఉంది, ఒక్కో బిడ్డకు ఒక్కో వరుస, అన్ని తేదీలూ రోజుల వయసులోకి మార్చి ఇస్తే చాలు. మీ స్టాటిస్టీషియన్‌కు ఎస్‌పీఎస్ఎస్ మాత్రమే అలవాటైతే, ఒక్కో బిడ్డ కాలాన్ని ముక్కలుగా రాసి, పాయిసన్ రిగ్రెషన్‌లో బిడ్డ నంబరును ఫ్యాక్టర్‌గా, రోజుల సంఖ్య లాగరిథమ్‌ను ఆఫ్‌సెట్‌గా పెట్టమనండి. అదే జవాబు వస్తుంది.

ఇక మీ ముందున్న దారులు. సంఖ్యను 140కి పెంచడం ఒకటి. 71 షీట్లకు 58 తేదీలు దొరికాయి కాబట్టి 140 కావాలంటే 170 షీట్లు తీయాలి. మీ వార్డులో అయితే దాదాపు ఐదేళ్ళ షీట్లు. వెనక్కి పోయేకొద్దీ కార్డులు చినిగిపోయి ఉంటాయి, ఫోన్ నంబర్లు మారి ఉంటాయి, తేదీలు దొరికే శాతం పడిపోతుంది. దానికన్నా అనంతపురం, కడప ఆసుపత్రుల నుంచి అదే రెండేళ్ళ షీట్లు తీయడం మంచిది. కానీ రెండు చోట్లా అనుమతులు, మీ ఎథిక్స్ కమిటీలో సవరణ, రాకపోకలు. అనుమతులకే రెండు మూడు నెలలు పోతాయనుకోండి. అవి రెండు నెలల్లో రాకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే లెక్క.

సంఖ్య పెంచకుండా ప్రశ్న మార్చడం ఇంకొకటి. మన రికార్డులతో ఈ పద్ధతి నడుస్తుందా? ఎన్ని షీట్లలో ఫిట్స్ మొదలైన తేదీ ఉంది, కార్డుకూ రిజిస్టర్‌కూ తేదీలు ఎన్నింటిలో కలిశాయి, వలస వల్ల ఎన్ని రోజులు పోయాయి? వీటికి 58 మంది, ఆ మాటకొస్తే 71 మందీ చాలు. నిష్పత్తిని కూడా లెక్కకట్టి, దాని ఇంటర్వల్ ఎంత వెడల్పో చెప్పి, ఇది నిర్ధారణ కాదని రాయవచ్చు. చూడటానికి చిన్న థీసిస్‌లా ఉంటుంది, కానీ పది నెలల్లో పూర్తవుతుంది. తర్వాత మూడు జిల్లాల్లో ఎవరు ఈ పని చేయాలన్నా మొదట తెలియాల్సిన సంగతులు ఇవే. నన్నడిగితే ఇటే మొగ్గుతాను. కాకపోతే సినాప్సిస్‌లో (థీసిస్‌కు ముందు ఇచ్చే ప్రణాళికలో) ఇచ్చిన ఉద్దేశాలు మారుతున్నాయి కాబట్టి గైడ్ సంతకం, యూనివర్సిటీ అనుమతి లేకుండా అడుగు వేయవద్దు.

మూడోది గైడ్ చెప్పిన నిద్రమాత్రల టాపిక్. అది చెడ్డదేమీ కాదు, పైగా దానికీ ఇదే కుటుంబంలోని పద్ధతి సరిపోతుంది. ఎముక విరిగాక మాత్రలు మారిపోతాయి, కొందరు చనిపోతారు, కాబట్టి విరిగిన తర్వాతి కాలాన్ని పోలికకు వాడలేం. వెనక్కి మాత్రమే చూసే కేస్ క్రాసోవర్ పద్ధతి కావాలి. మాల్కమ్ మక్లూర్ 1991లో చెప్పింది అదే. పడిన రోజుకు ముందు రాత్రి మాత్ర వేసుకున్నారా, అదే మనిషి నెల కిందట అదే వారం వేసుకున్నారా అని పోల్చడం. అప్పుడప్పుడూ వేసుకునేవాళ్ళే ఇక్కడ పనికొస్తారు. రోజూ తప్పకుండా వేసుకునే మనిషికి రెండు రాత్రులూ ఒకటే, ఆయన నుంచి ఏమీ తెలియదు. మీకు ఎదురయ్యే గోడ మళ్ళీ తేదీలే. టీకాకు కార్డు ఉంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న మాత్రకు ఏముంది? నెల కిందటి రాత్రి సంగతి నొప్పితో పడుకున్న పెద్దాయన్ను అడిగి రాసుకోవాలి. ఆరు నెలలుగా కూడగట్టిన 58 కార్డులు వదిలి దీనికి వెళ్ళాలా అన్నది ఆలోచించుకోండి.

గైడ్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు వాదనతో వెళ్ళవద్దు, ఒక్క పేజీతో వెళ్ళండి. దాని మీద ఒక బిడ్డ కాలరేఖ గీసి ఉండాలి, రోటావాక్ స్టడీ పేరు ఉండాలి, 116 కంట్రోల్స్‌లో ముగ్గురు నలుగురే తేలతారన్న లెక్క ఉండాలి. "సంఖ్య గురించి మీరన్నది నిజమే సార్, అందుకే ప్రశ్న ఇలా మార్చాను" అని మొదలుపెట్టండి. పిల్లల విభాగం నుంచి ఒకరిని కో-గైడ్‌గా తీసుకోవచ్చా అని అడగండి. ఆయన ససేమిరా అంటే హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్ళే హక్కు మీకుంది. కానీ ఆ తర్వాత పది నెలలూ ఆయన సంతకాలతోనే గడవాలి, అది మరచిపోవద్దు.

మేనల్లుణ్ణి ఉంచండి. ఎవరు జాబితాలో ఉండాలన్న నియమం వాడిని చూసి రాసింది కాదు. బంధువని తీసేసినా, బంధువని ఉంచినా తప్పే, నియమం ప్రకారం వచ్చాడు కాబట్టి ఉంటాడు. ఆ సంబంధం థీసిస్‌లో ఒక వాక్యంలో చెప్పండి, వాడు లేకుండా ఒకసారి లెక్క చేసి అదీ చూపించండి. వాడి తేదీలు మాత్రం మీ చేత్తో రాయవద్దు.

వదిన విషయం. మీ స్టడీ ఎంత గొప్పగా వచ్చినా ఆ ఒక్క బిడ్డకు ఆ రాత్రి ఫిట్స్ టీకా వల్లే వచ్చాయా అన్నది చెప్పలేదు. అది గుంపుకు సంబంధించిన లెక్క. ఒక్క బిడ్డ విషయం విచారించడానికి వేరే ఏర్పాటు ఉంది. టీకా తర్వాత ఆసుపత్రిలో చేరిన ప్రతి బిడ్డ గురించీ మెడికల్ ఆఫీసర్ ద్వారా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి కేస్ రిపోర్ట్ వెళ్ళాలి. అప్పుడు వెళ్ళిందో లేదో కనుక్కోండి, వెళ్ళకపోతే డిశ్చార్జ్ కాగితాలతో ఇప్పుడైనా అడగండి. మీ వదినకు కావలసింది "సంబంధం లేదు" అన్న మాట కాదు. డీపీటీ తర్వాత మొదటి రాత్రి జ్వరం, ఆ జ్వరంతో ఫిట్స్ రావడం టీకా వల్ల కావచ్చు, బహుశా అంతే అయి ఉంటుంది. అది ఒప్పుకోండి. "ఏం గాదు" అని కాకుండా "జ్వరం రావచ్చు, వేలల్లో ఒకరికి ఫిట్స్ కూడా రావచ్చు, వస్తే ఇలా చేయాలి" అని చెప్పి ఉంటే ఈ రోజు ఆమె కోపం ఇంత ఉండేది కాదు. ఆ మాట మీరే ముందు అనండి. పిల్లవాడికి ఆ జ్వరం ఫిట్స్ వల్ల మెదడుకు హాని జరగదని, షెడ్యూల్‌లో తర్వాతి డీపీటీ 5 ఏళ్ళు నిండాకేనని, అప్పటికి ఈ ఫిట్స్ వచ్చే వయసు దాదాపు దాటిపోతుందని కూడా చెప్పండి. వాడి గురించి ఈ రోజే తేల్చుకోవలసింది ఏమీ లేదు.

తేల్చుకోవలసింది పాప గురించి. ఇక్కడే ఫారింగ్టన్ పరిశోధనలోని ఆ రెండో సంగతి కావాలి. ఇంగ్లండ్‌లో డీపీటీ మూడు డోసులు ఒకప్పుడు 10 నెలల వయసుకు పూర్తయ్యేవి. షెడ్యూల్ మార్చి 4 నెలలకే ముగించడం వల్ల టీకా కారణంగా వచ్చే జ్వరం ఫిట్స్ నాలుగో వంతుకు తగ్గి ఉండవచ్చని ఆ లెక్క చెప్పింది. కారణం తేలికే, ఆరు నెలలలోపు పిల్లలకు జ్వరం వచ్చినా ఫిట్స్ రావడం అరుదు. డీపీటీ కలిసి ఉండే మన పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు వేసేది. ఫిట్స్ భయంతో వదిన వాయిదా వేసేకొద్దీ పాప ఫిట్స్ వచ్చే వయసుకే దగ్గరవుతుంది. ఈలోగా కోరింత దగ్గు తగిలితే అది ప్రాణం మీదకు వచ్చేది ఈ నెలల్లోనే. అన్నకు ఫిట్స్ వచ్చాయని చెల్లెలికి టీకా ఆపాలన్న నియమం ఏదీ లేదు. రెండు నెలలు దాటినా ఆలస్యమేమీ కాలేదు, మొదటి డోసు ఇప్పుడు వేయించి, నాలుగేసి వారాల ఎడంతో మిగతా రెండూ పూర్తి చేయవచ్చు.

ఈ మాటలు మీరు చెబితే ఆమె వినకపోవచ్చు. అన్నను, వదినను, మేనల్లుడి డిశ్చార్జ్ కాగితాలను వెంటబెట్టుకుని అప్పుడు వాడికి వైద్యం చేసిన పిల్లల డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్ళండి, మాట్లాడేది ఆయన్నే మాట్లాడనివ్వండి. టీకా వేసిన రాత్రికి ఇంట్లో థర్మామీటర్, బరువుకు సరిపడా డాక్టర్ రాసిచ్చిన పారాసెటమాల్ చుక్కలు ఉంచండి. ఆ చుక్కలు ఒళ్ళు తేలికపడటానికే, ఫిట్స్ రాకుండా ఆపుతాయని మాత్రం చెప్పవద్దు, ఆపవు. ఎప్పుడైనా ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయడం వదినకు చేసి చూపించండి. ఆ రాత్రి మీరు ఆ ఇంట్లోనే ఉంటానని చెప్పండి, బుధవారం పొద్దున కార్డు తీసుకుని ఆమెతోపాటే వెళ్ళండి.